నాలుగు మూలల బాణాలు

వీడియో గేమ్ కొనుక్కున్నవాళ్ళ ఇంటికి వెళ్ళి, దాన్ని టీవీకి తగిలించి, తెర మీద బొమ్మ కుదిరేలా చేసి రావడం ఆమె ఉద్యోగం. షాపులో ఆమెకూ ఒక పేరుంది కానీ హాజరు వేసేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడరు. ఫోన్ చేసేవాళ్ళందరూ "ఆ సెట్టింగుల అమ్మాయిని పంపండి" అంటారు. ఇంట్లో వదిన ఇంకో మెట్టు ఎక్కించి "సెట్టింగులమ్మ" అని పిలుస్తుంది.

ఎవరింటికి వెళ్ళినా ఆమె మొదట అడిగేది ఒక్కటే. "బొమ్మ అందంగా ఉండాలా, చేతి మాట వినాలా?" చాలామంది తెల్లమొహం వేస్తారు. అప్పుడు కంట్రోలర్ వాళ్ళ చేతికే ఇచ్చి రెండు రకాలూ చూపిస్తుంది. క్వాలిటీ మోడ్‌లో పెడితే తడిసిన రోడ్డు మీద దీపాల వెలుగు కూడా మెరుస్తుంది, కానీ బండి కాస్త ఆలోచించుకుని తిరుగుతుంది. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే ఆ సోకులన్నీ పోతాయి, బండి మాత్రం వేలు కదిపితే కదులుతుంది. జనానికి రెండూ కావాలి. రెండూ దొరకవని నొప్పించకుండా చెప్పి, ఏదో ఒకదానికి ఒప్పించి రావడంలోనే ఆమె పనితనమంతా ఉంది.

షాపు యజమాని ఆమెకు ఒక సంగతి మాత్రం నూరిపోశాడు. కస్టమర్ కనబడటం లేదన్నాడంటే తప్పు టీవీలో ఉండొచ్చు, కేబుల్లో ఉండొచ్చు, సెట్టింగులో ఉండొచ్చు. కస్టమర్ కంట్లో మాత్రం ఉండదు. వాదన పెట్టుకోకుండా సరిచేసి రా అంటాడు. ఆ మాట పట్టుకుని పని చేసినన్నాళ్ళూ ఆమె మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అందుకే అన్నయ్య బొమ్మ చీకటిగా ఉందన్నప్పుడు ఆమెకు ఇంకో ఆలోచనే రాలేదు.

అన్నయ్య బస్సు డ్రైవరు. పొద్దస్తమానం బస్సు తోలి, ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్ళీ టీవీ ముందు చేరి లారీ తోలే ఆట ఆడతాడు. వానలు మొదలైనప్పుడు తనే అడిగి తెప్పించుకున్నాడు దాన్ని.

"పొద్దుట్నించీ తోలింది చాలలేదా?" అంటుంది వదిన.

"ఇందులో ఎవరూ బెల్లు కొట్టరు. స్టాపు దాటించావని తిట్టరు" అంటాడు అన్నయ్య.

ఆ సాయంత్రం లారీ నిండా గాజుపలకలు వేసుకుని కొండదారి పట్టాడు. ఆటలో కూడా పొద్దు వాలుతోంది. మలుపు తిరిగాడో లేదో, పక్కదారిలోంచి వచ్చిన ట్రాక్టరును తిన్నగా వెళ్ళి గుద్దాడు. లోడంతా పగిలిపోయిన చప్పుడు గదంతా వినబడింది. అన్నయ్య కంట్రోలర్ ఒళ్ళో పడేసి అలాగే కూర్చున్నాడు. ఆటలో ఓడిపోయినవాళ్ళని ఆమె రోజుకెంతమందినో చూస్తుంది. ఇంతగా మొహం వాడిపోయినవాణ్ణి చూడలేదు.

"కనబడి చస్తే కదా! మసి పూసినట్టుంది బొమ్మ" అన్నాడు చివరికి.

"అంత కోపమెందుకు? జరుగు. నేను చూస్తాను" అని ఆమె పక్కన కూర్చుంది.

ముందు వెలుతురు సరిచేసే సెట్టింగు తెరిచింది. నల్లటి తెర మీద ఒక దీపం గుర్తు వస్తుంది. అది ఉండీ లేనట్టు కనబడే వరకు మీట జరపాలి. ఎవరైనా కొద్దిగా జరిపి చాలంటారు. అన్నయ్య చాలనలేదు. "ఇంకాస్త" అన్నాడు. "ఇంకా" అన్నాడు. నల్లటి తెర బూడిదరంగుకి వచ్చింది. దీపం గుర్తు ఆమెకి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. "ఆఁ, ఇప్పుడిప్పుడే తెలుస్తోంది" అన్నాడతను.

కూరగాయలు తరుగుతున్న వదిన తలెత్తి చూసింది. "అదేంటి, వెల్ల వేసినట్టుంది!"

"ఆడేది అన్నయ్య కదా వదినా. ఆయన కంటికి బాగుంటే చాలు."

బండి జోరుగా పోతున్నప్పుడు పక్కలు అలుక్కుపోయినట్టు చూపించేదాన్ని ఆపేసింది. సినిమా తెరలా గరుకు గరుకుగా కనబడేదాన్ని తీసేసింది. బొమ్మని పెర్ఫార్మెన్స్‌కి మార్చింది. టీవీలో ఆటల కోసమే విడిగా ఉన్న గేమ్ మోడ్ వెతికి పట్టుకుని అది కూడా పెట్టింది. ఏదీ అడ్డం లేకుండా, ఏదీ దాక్కోకుండా, రోడ్డు రోడ్డులా ఉండేలా చేసి కంట్రోలర్ అన్నయ్య చేతికిచ్చింది. ఇంత శ్రద్ధగా ఆమె బయట ఎవరికీ చేసి ఉండదు.

అన్నయ్య అదే కొండదారిలో మళ్ళీ బయల్దేరాడు. మలుపులో ట్రాక్టరు వచ్చింది. బ్రేకు వేశాడు, దాన్ని పోనిచ్చాడు, సాగిపోయాడు. గాజుపలక ఒక్కటి కూడా చిట్లకుండా ఊళ్ళోకి చేర్చాడు. చేర్చి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"చూశావా? తప్పు బొమ్మది! నాది కాదు!"

"నీదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదులే" అని నవ్వి, ఆమె తల మీద చిన్నగా మొట్టాడు. వదినని పిలిచి, లోడు చేర్చిన సంగతి మొదట్నించీ వర్ణించి చెప్పాడు. ఒక ఆట గెలిచినందుకు ఇంత మురిసిపోవడమేమిటని వదినా ఆమే చాటుగా నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఖాకీచొక్కా వేసుకుని, ఈల వేసుకుంటూ డిపోకి వెళ్ళాడు.

ఆ రోజు సాయంత్రం వదిన బజారునించి వస్తూనే సంచీ గుమ్మంలో పెట్టి నిలబడిపోయింది.

"బల్బు బాబాయ్‌ని దీపాల పనిలోంచి తీసేశారట. బస్సులు కడగడానికి వేశారట."

బల్బు బాబాయ్ డిపోలో ఎలక్ట్రీషియను. బస్సుల దీపాలన్నీ ఆయన చేతిమీదుగానే వెలుగుతాయి. వెనక వీధిలోనే ఇల్లు. ఎవరింట్లో కరెంటు పోయినా జేబులో టెస్టరుతో ఆయనే ప్రత్యక్షమవుతాడు.

"ఎందుకట?" అంది ఆమె.

వదిన లోపలికి వచ్చింది. అన్నం తింటున్న అన్నయ్య వైపు చూసింది. "ఈయన చెప్పారట, దీపాలు సరిగా లేవని. ఇవాళ మూడోసారట."

అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. "చెప్పనా మరి? హెడ్‌లైట్లు మిణుగురుల్లా ఉంటే నేనేం చెయ్యను? మొన్న గేటు స్తంభాన్ని గీసుకుంది ఎవరివల్ల? బస్సునిండా జనం ఉంటారు. రెండుసార్లు నెమ్మదిగా చెప్పా. 'బాగానే ఉన్నాయి అబ్బాయ్' అంటాడు. ఇవాళ ఫోర్‌మన్‌కి గట్టిగా చెప్పా. నాకు చూపు లేకపోతే కదా, నేను నోరు మూసుకోవడానికి!"

"ఆయనకి వేరే పని రాదండీ. ఈ వయసులో చక్రాలు తోమమంటే..."

"పోనీ దీపాలు బాగున్నాయని అబద్ధం చెప్పనా?"

ఆమె అన్నయ్య పక్షం మాట్లాడింది. "కనబడకపోతే కనబడలేదనడం తప్పెలా అవుతుంది వదినా? మా షాపులోనూ అంతే. ఫిర్యాదొస్తే మేమే సరిచేయాలి." ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె చాలాకాలం తనని తాను తిట్టుకుంది. అప్పటికి మాత్రం నూటికి నూరుపాళ్ళూ న్యాయమే మాట్లాడాననుకుంది. వదిన కూర గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఒక కస్టమర్ ఇంటికి వెళ్తూ డిపో ముందునించి నడిచింది. కడుగుడు రేవులో బాబాయ్ పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, గొంతుక్కూర్చుని చక్రం తోముతున్నాడు. చక్రం మధ్యలో పేరుకున్న గ్రీజు బ్రష్షుకి లొంగడం లేదు. బ్రష్షు పక్కన పడేసి గోళ్ళతో గీకుతున్నాడు. సన్నటి వైర్లు ఒలిచి, వాటి కొసలు మెలేసి, చిన్న చిన్న మరలు బిగించే వేళ్ళవి. నీళ్ళ గొట్టం ఎటో తిరిగిపోయి ఆయన వీపంతా తడిపేస్తోంది. పట్టించుకోవడం లేదు.

"బాగున్నారా బాబాయ్?"

ఆయన తలెత్తాడు. "బాగున్నానమ్మాయ్. ఎండలో వెళ్ళకు, ఆ నీడన నడువు" అని మళ్ళీ చక్రం వైపు తిరిగాడు. కోపంగా ఒక మాట అని ఉంటే ఆమెకి హాయిగా ఉండేది. ఆ రోజు కస్టమర్ ఇంట్లో మొదటిసారి ఆమె ఒక కేబుల్ తప్పు తగిలించింది.

అన్నయ్య సెలవురోజు మధ్యాహ్నం మళ్ళీ ఆట పెట్టాడు. ఈసారి కొత్త ఊరు. సరుకు ఎక్కడ దింపాలో తెలియక ఒకే వీధిలో చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటూ చూస్తోంది.

"మ్యాప్ చూసుకోవచ్చుగా?"

"ఏ మ్యాప్?"

"కింద కుడి మూల. గుండ్రంగా ఉంది చూడు."

అన్నయ్య తల తిప్పాడు. కళ్ళు కాదు, మెడ మొత్తం తిప్పాడు. "ఓహో, ఇది ఇక్కడుందా? ఇన్నాళ్ళూ ఇందులో మ్యాపే లేదనుకున్నాను."

ఆమెకి వెంటనే తట్టింది. కొన్ని టీవీలు బొమ్మ అంచుల్ని కాస్త కోసేస్తాయి. దానికీ ఒక సెట్టింగుంది. తెర నాలుగు మూలలా నాలుగు బాణాలు వస్తాయి. అవి నాలుగూ కనబడేదాకా బొమ్మని లోపలికి లాక్కోవాలి. మామూలుగా ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఇంత చిన్న విషయం ముందే చూడనందుకు తన మీద తనకే చిరాకేసింది. ఆ సెట్టింగు తెరిచి, "ఎదురుగా చూస్తూ నొక్కు. నాలుగు బాణాలూ ఒకేసారి కనబడగానే ఆపు" అంది. అని, సూదిలో దారం ఎక్కించుకోవడంలో పడింది.

అన్నయ్య నొక్కుతున్నాడు. దారం ఎక్కింది. ఇంకా నొక్కుతున్నాడు.

తలెత్తి చూస్తే బాణాలు మూలల్లో లేవు. తెర సగం దాటి లోపలికి వచ్చేశాయి. అతను తెర మధ్యలోకి కన్నార్పకుండా చూస్తూ నొక్కుతూనే ఉన్నాడు.

"వేళాకోళాలాడకు అన్నయ్యా."

"ఉండవే. రెండొచ్చాయి. ఇంకా రెండు రావాలి."

గొంతులో వేళాకోళం లేదు. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. బాణాలు ఇంకా ఇంకా దగ్గరికి వచ్చాయి. అంత పెద్ద తెర మధ్యలో, అన్నం తినే పళ్ళెమంత చోటులో, నాలుగూ ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా వచ్చి ఆగాయి.

"హమ్మయ్య, నాలుగూ కనబడుతున్నాయి. ఇదీ ముందే చేసుంటే ఎంత బాగుండేది!" అన్నాడు అన్నయ్య తృప్తిగా.

ఆమె సూది చొక్కాకి గుచ్చింది. మెల్లగా చెయ్యెత్తి, అతని చెవి పక్కన మూడు వేళ్ళు చాపింది. ఎదుటికి కొద్దికొద్దిగా జరిపింది. చెంప దాటింది, కంటి కొస దాటింది. అతను టీవీ వైపే చూస్తూ చిరునవ్వుతో ఉన్నాడు.

"నేనిప్పుడు ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను అన్నయ్యా?"

"ఎక్కడ?"

ఆమె ఆ వేళ్ళని అతని కళ్ళెదుటికి తెచ్చింది. అతనికి అర్థమైంది. చిరునవ్వు మెల్లగా పోయింది. కంట్రోలర్ చాప మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"డిపోలో కంటి పరీక్ష చేశారు. అక్షరాలన్నీ చదివాను, ఆఖరి వరుస కూడా" అన్నాడు.

"అక్షరాలు ఎదురుగా ఉంటాయి అన్నయ్యా."

"అవును. ఎదురుగానే ఉంటాయి."

తర్వాత అతను టీవీకే చెబుతున్నట్టుగా చెప్పాడు.

"వానల్లో మొదలైంది. పొద్దువాలితే రోడ్డుకి రెండు పక్కలా ఏమీ ఉండేది కాదు. మబ్బువల్ల అనుకున్నా. అద్దం మురికి అనుకున్నా. మధ్యలో ఒక్కోసారి ఇది నా కళ్ళదేనేమో అని భయమేసేది. అందుకే ఈ ఆట తెప్పించాను. ఇందులో గుద్దకుండా చేరితే మర్నాడు బస్సు తీయాలి, గుద్దితే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికెళ్ళాలి అని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నా. మొన్న ట్రాక్టరుని గుద్దాను కదా? ఇంక అయిపోయింది, రేపు చెప్పేద్దామనుకున్నా. ఇంతలో నువ్వొచ్చి బాగుచేశావు."

ఆమె తెర మధ్యలో ఉన్న బాణాల వైపు చూసింది.

"శుభ్రంగా కనబడింది. ఒక్క గీత పడకుండా చేర్చాను. అప్పుడు ధైర్యం వచ్చింది. కళ్ళు బాగానే ఉన్నాయి, తప్పంతా దీపాలదే అనిపించింది. పొద్దున్నే వెళ్ళి ఫోర్‌మన్‌తో గట్టిగా చెప్పానంటే ఆ ధైర్యమే."

అతను ఆమెను తప్పుపట్టడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు. అదే ఆమె భరించలేకపోయింది. ఆ సాయంత్రం ఎంత ప్రేమగా, ఎంత ఓపికగా ఒక్కొక్క మీటా జరిపిందో గుర్తొచ్చింది. అన్నయ్యకి తన చూపు సంగతి తెలియబోయిన ఒకే ఒక్క రోజున, తెలియకుండా అడ్డుపడింది తనే. బస్సునిండా జనాన్ని ఎక్కించి పంపింది తనే. బాబాయ్ చేతిలో బ్రష్షు పెట్టింది కూడా తనే. చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వదిన ఎప్పుడొచ్చిందో, తడిచేతులతో తలుపు దగ్గర నిలబడి ఉంది. అక్కడే గోడకి జారగిలబడి కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"నీతో అనేస్తే ఇంక అది నిజమేనని ఒప్పుకున్నట్టే కదా" అన్నాడు అన్నయ్య.

"రేపు బస్సెక్కద్దు."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి" అంది వదిన. ఆ మాట అన్నాక దాని బరువు తెలిసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో కూరలమ్మేవాడు కేకేసుకుంటూ వెళ్ళిపోయాడు. రోజూ పరుగెత్తుకెళ్ళే వదిన లేవలేదు.

అన్నయ్యే లేచాడు. గోడకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఖాకీది కాదు, మామూలుది.

"చెల్లీ, బాబాయ్ ఇంటికెళ్దాం పద. చీకటి పడకముందే వెళ్ళాలి" అన్నాడు. చీకటి గురించి అతను అలా మాట్లాడటం అదే మొదటిసారి.

వీధిలో ఆమె అతని పక్కన నడవలేదు. పక్కన నడిస్తే కనబడదు. రెండడుగులు ముందు, సరిగ్గా ఎదురుగా ఉండేలా నడిచింది. ఒక సైకిలు కుడివైపునించి దూసుకొచ్చింది. ఆమె ఆగింది. ఆమెను చూసి అతనూ ఆగాడు. ఇన్నాళ్ళూ ఈ వీధిలో తడుముకోకుండా ఎలా తిరిగాడా అనుకుంది. తెలిసిన వీధి కాబట్టి తిరిగాడు.

బాబాయ్ అరుగు మీద ఎత్తుపీట వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా గోడకి పాత బస్సు హెడ్‌లైటు ఆనించి ఉంది. దానికి బ్యాటరీ తగిలించి వెలిగించాడు. అరుగు మీదకి అప్పుడే మసక చేరుతోంది. దీపం వెలుగు అవతలి గోడ మీద గుండ్రంగా, తెల్లగా పడుతోంది. ఆయన దానికేసి ఒకసారి ఒక కన్ను మూసి, ఇంకోసారి రెండో కన్ను మూసి చూస్తున్నాడు.

అన్నయ్యని చూడగానే మొహంలోకి ఒక ఆత్రం వచ్చింది.

"మంచివేళకి వచ్చావు అబ్బాయ్. నువ్వే చెప్పాలి. ఇది వెలుగుతోందా, లేదా?"

అన్నయ్య అరుగు మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"నాకైతే బాగా వెలుగుతున్నట్టే ఉంది" అన్నాడు బాబాయ్. "కానీ నీ బస్సుదీ బాగుందనే కదా అనుకున్నాను. అంత నెమ్మదస్తుడివి, ఊరికే మూడుసార్లు చెబుతావా? నా కళ్ళే తేడా చేశాయనుకున్నా. ఫోర్‌మన్ అడిగితే ఆ మాటే చెప్పా, 'నాకు చూపు ఆనడం లేదేమోనండీ, నన్ను మార్చెయ్యండి' అని. ఎవరూ తీసెయ్యలేదు నన్ను. నేనే తప్పుకున్నా. దీపాలు చూసేవాడికి చూపు లేకపోతే జనం చచ్చిపోతారు కదా!"

ఆమె పైట కొస పిడికిట్లో బిగించి పట్టుకుంది. అన్నయ్య తడుముకుంటూ అరుగు అంచున కూర్చుని, తల వంచుకుని చెప్పాడు. దీపాలు ఏనాడూ తగ్గలేదని చెప్పాడు. తన చూపు పళ్ళెమంతకి వచ్చేసిందని చెప్పాడు. భయపడి నేరం దీపాల మీదకి నెట్టానని చెప్పాడు.

బాబాయ్ అంతా విన్నాడు. చెయ్యి చాపి బ్యాటరీ వైరు లాగేశాడు. దీపం ఆరిపోయింది. ఆయన పీట మీదనించి లేచి, చెప్పులు లేని కాళ్ళతో చప్పుడు లేకుండా అరుగు చివరికి వెళ్ళి, వీధివైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఎగసిపడుతున్నాయి. ఎంత అవమానం మింగి ఉంటాడో ఆమెకి ఆ వీపు చూస్తే తెలిసింది.

అన్నయ్య తలెత్తాడు. దీపం ఆరిన ఆ మసకలో బాబాయ్ ఇంకా ఎదురుగానే ఉన్నాడనుకుని, ఖాళీ పీట వైపు చూస్తూ చేతులు జోడించాడు.

"నీకు కోపం వస్తే తిట్టు బాబాయ్. కొట్టినా పడతాను. రేపు పొద్దున్నే డిపోకి వస్తాను, అందరి ముందూ చెబుతాను. అలా చూస్తూ ఊరుకోకు బాబాయ్, ఏదో ఒకటి అను."

బాబాయ్ ఇటు తిరిగాడు. ఎవరూ లేని పీటకి దణ్ణం పెడుతున్న మనిషిని చూశాడు. ఆమె చెప్పబోయింది. ఆయన ఆమెను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నిలబడిన చోటే కాసేపు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వచ్చి, పీటని అన్నయ్య మోకాళ్ళకి తగిలేంత దగ్గరికి లాక్కుని, సరిగ్గా అతని మొహానికి ఎదురుగా కూర్చున్నాడు. జోడించిన చేతులు రెండూ పట్టుకుని కిందికి దించాడు.

"ఇక్కడున్నాను అబ్బాయ్" అన్నాడు. "ఇప్పుడు చెప్పు."